బీరువాలో దొరికిన సోనీ డబ్ల్యూ800: ఇంటి ఫోటోలకి పనికొస్తాదా? ఒక కేస్ స్టడీ

కేసు ఏమంటే, కస్టమర్ డిగ్రీ సెకండ్ ఇయర్ చదివే పాప, అనంతపురం టౌనే, నాయన గవర్నమెంట్ ఉద్యోగి. పాపకి చిన్న డిజిటల్ కెమెరా కావాలంట. ఇప్పుడు కాలేజీ పిల్లోళ్ళంతా డిజిక్యామ్ డిజిక్యామ్ అని ఎగబడతాండారు కదా, అదే మోజు. నాయనేమో ఇంట్లో తలా ఒక ఫోన్ ఉండంగా మళ్ళా కెమెరా ఏంటికి అంటాడు. ఈ వాదన నడుస్తాండంగానే వాళ్ళమ్మ బీరువాలో చీరల కింద నుంచి పాత సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ800 తీసి చేతిలో పెట్టింది, పాప చిన్నప్పుడు కొన్నదంట, మంచి ఫోన్లొచ్చినంక మూలబడింది. తండ్రీ కూతురూ ఇద్దరూ దాన్ని పట్టుకోని నా దగ్గరికి వచ్చినారు. నాది సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న స్టూడియో, పక్కన కెమెరా సర్వీసింగ్ కూడా చూస్తా.

వాళ్ళ ప్రశ్న సింపుల్. ఈ పాతది బాగు చేయించుకోవాల్నా, కొత్తగా కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్55 లాంటిది కొనాల్నా, లేకపోతే ఫోన్‌తోనే సరిపెట్టుకోవాల్నా.

ఇట్లాంటి కేసులు మధ్యలో పదేళ్ళు అసలు రాలే. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు షిప్ అయినాయి, అందులో పది కోట్లకు పైన ఈ లెన్స్ మార్చడానికి లేని చిన్నవే. 2023కి వచ్చేసరికి ఆ చిన్నవి 20 లక్షల లోపుకి పడిపోయినాయి. ఇప్పుడు మోజు మళ్ళా వచ్చింది గానీ కంపెనీలు బడ్జెట్ మోడళ్ళు చేసేది దాదాపు ఆపేసినాయి, అందుకే పాతవాటికి సెకండ్ హ్యాండ్‌లో నోటికొచ్చిన రేటు చెప్తాండారు. అట్లాంటప్పుడు ఇంట్లో ఉన్నదాన్ని చూడకుండా బయటికి పోవడం దండగ.

ముందు ఫోన్ గ్యాలరీ చూసినా

కెమెరా చేతికి తీసుకునే ముందు పాప ఫోన్ అడిగి, ఆమె చూపిస్తాండంగా గ్యాలరీ వెనక్కి జరుపుకుంటూ పోయినా. నా లెక్కలో ఏ బడ్జెట్ కెమెరాకైనా మొదటి టెస్ట్ ఇదే. ఆ మనిషి నిజంగా ఏం తీస్తాడు, ఎన్ని గంటలకి తీస్తాడు, ఎంత దూరం నుంచి తీస్తాడు, ఈ మూడూ తెలిస్తే స్పెక్ షీట్‌లో ఏ లైన్ చదవాల్నో తెలుస్తాది, తెలియకపోతే ఇరవై మెగాపిక్సెల్ అని రాసింది చూసి మురిసిపోవడమే.

పాప గ్యాలరీలో ఎక్కువ ఉన్నవి రాత్రిపూట ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసినవి, పండగలు, బర్త్‌డే కేకులు, నిద్రపోతాండే తమ్ముడు. తర్వాత కాలేజీ ఫ్రెండ్స్, చెట్టు నీడలోనో క్యాంటీన్ ముందరో. ఊరికి పోయినప్పుడు అవ్వ, శెనక్కాయ చేను, పశువులు, అన్నీ మిట్టమధ్యాన్నం ఎండలో. అప్పుడప్పుడు గుళ్ళు, లేపాక్షి, తాడిపత్రి. తమ్ముడి క్రికెట్ కొంచెం, అది కూడా బౌండరీ బయట నుంచి, మనిషి చీమంత కనపడతాంటాడు.

చూస్తే మూడు రకాల వెలుతురు. ఇంట్లో చీకటి, నీడ, మాడ్చేసే ఎండ. అంతే. ఇంక కెమెరా ఈ మూడింట్లో ఎట్లా నిలబడతాదో చూస్తే సరిపోతాది, మిగిలిందంతా వేస్ట్ టెస్టింగ్.

మిషన్ కండిషన్

బ్యాటరీతో మొదలు పెట్టినా. దీంట్లో ఎన్‌పీ-బీఎన్ అనే పల్చని లిథియం బ్యాటరీ ఉంటాది. ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉన్న లిథియం బ్యాటరీ పూర్తిగా డ్రెయిన్ అయ్యుంటాది, కొన్ని ఉబ్బుతాయి. దీన్ని తీసి అద్దం మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరం మాదిరి తిరిగింది, అంటే మధ్యలో ఉబ్బింది. అట్లాంటిదాన్ని ఛార్జ్ పెట్టి చూద్దాం అనుకునేది ప్రమాదం, పక్కన పడేసినా. నా దగ్గర అదే రకం బ్యాటరీ ఒకటి ఉంటే అది వేసి ఆన్ చేసినా. లెన్స్ బయటికి వచ్చింది, గరగర శబ్దం లేదు. మన ఎర్రమట్టి ఊర్లలో ఈ ముడుచుకునే లెన్సులకి పెద్ద శత్రువు దుమ్మే, సముద్రం పక్క ఊర్లలో మాదిరి ఫంగస్ మనకి అంత రాదు గానీ ఇసక రేణువు ఒకటి ఆ గొట్టాల మధ్యలో ఇరుక్కుంటే మోటార్ తిరగలేక ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని మెసేజ్ వచ్చి కూర్చుంటాది, ఆ రిపేర్ ఖర్చు కెమెరా విలువకంటే ఎక్కువ పడతాది. అట్లాంటిది వస్తే నేనైతే రిపేర్ కూడా ఒప్పుకోను.

డేట్ తప్పు చూపిస్తాంది. గడియారం కోసం లోపల ఒక చిన్న రీఛార్జబుల్ బ్యాటరీ వేరే ఉంటాది, మెయిన్ బ్యాటరీ వేసి ఒక రోజంతా వదిలేస్తే అది నిండుతాది, మళ్ళా డేట్ సెట్ చేసుకుంటే నిలబడతాది. చాలామంది దీన్ని ఫాల్ట్ అనుకోని అమ్మేస్తారు. డేట్ సెట్ చెయ్యకుండా వాడితే ఇంకో తిప్పలు, ఫోటోలు ఫోన్లోకి ఎక్కించినప్పుడు ఎప్పుడో పాత తేదీల్లోకి పోయి దాక్కుంటాయి, కాపీ కాలేదనుకోని మళ్ళా మళ్ళా ఎక్కిస్తారు.

తర్వాత లెన్స్ ఒంకర ఉందేమో చూడడం. ఈనాడో సాక్షో ఏదో ఒక పేపర్ మొత్తం తెరిచి గోడకి నాలుగు మూలలా టేపు వేసి, కెమెరాని స్టాండ్ మీద నేరుగా పెట్టి, సెల్ఫ్ టైమర్‌తో ఒకటి వైడ్‌లో, ఒకటి ఫుల్ జూమ్‌లో తీస్తా. కంప్యూటర్లో పెద్దగా చేసి నాలుగు మూలల్లో అక్షరాలు పోల్చి చూస్తా. నాలుగూ కొంచెం మెత్తగా ఉంటే అది ఈ రేటు లెన్సులకి మామూలే, ఒక పక్క మాత్రమే మసకబారితే లోపల గ్లాస్ జరిగినట్టు, ఎప్పుడో కింద పడిందన్నమాట. ఈ కెమెరాకి నాలుగు మూలలూ సమానంగానే మెత్తగా ఉన్నాయి, పాస్.

చివర్న తెల్ల గోడని ఫుల్ జూమ్‌లో ఒకటి తీసినా. రెండు బూడిద రంగు చుక్కలు కనపడినాయి, కుడి పక్క పైన. సెన్సార్ మీద, అంటే లోపల వెలుతురు పట్టే చిప్ మీద, దుమ్ము. లెన్స్ మార్చే కెమెరా అయితే ఊది తుడిచేస్తాం, వీటికి మొత్తం విప్పాల. జూమ్ చేసినప్పుడు ఆకాశంలో కనపడతాయి, మామూలు ఫోటోలో కనపడవు. విప్పితే బాగయ్యే ఛాన్స్ ఎంతో, ఇంకొంచెం దుమ్ము లోపలికి పోయే ఛాన్స్ కూడా అంతే, అందుకని ఉండనీ అన్నా.

స్పెక్ షీట్‌లో ఏ లైన్ చదవాల

డబ్ల్యూ800 వచ్చింది 2014లో. 20.1 మెగాపిక్సెల్, 1/2.3 ఇంచ్ సీసీడీ సెన్సార్, పాత 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 26 నుంచి 130 మి.మీ.కి సమానమైన 5 ఎక్స్ జూమ్, లెన్స్ ఓపెనింగ్ వైడ్‌లో (జూమ్ చెయ్యనప్పుడు) ఎఫ్/3.2, ఫుల్ జూమ్‌లో ఎఫ్/6.4, ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తాది. వీడియో 720పీ. వైఫై లేదు. షేక్ ఆపడానికి లెన్స్‌లో ఏర్పాటు లేదు, అదే సిరీస్‌లో దాని అన్న డబ్ల్యూ830కి ఉంది.

బాక్స్ మీద పెద్దగా రాసేది 20.1. నేను చూసేది మాత్రం 3.2, 6.4, ఇంకా 1/2.3, ఈ మూడే.

1/2.3 ఇంచ్ అంటే సెన్సార్ అడ్డంగా దాదాపు 6.2 మి.మీ., నిలువుగా 4.6 మి.మీ., చిటికెన వేలి గోరంత కూడా లేదు. పెళ్ళిళ్ళకి మేం వాడే పెద్ద కెమెరాల్లోని క్రాప్ సెన్సార్ దీనికి పదమూడింతలు ఉంటాది వైశాల్యంలో. ఆ చిన్న ముక్క మీద రెండు కోట్ల పిక్సెల్స్ కుక్కితే ఒక్కో పిక్సెల్ 1.2 మైక్రాన్లు వస్తాది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. ఇప్పుడు ఎఫ్/6.4 రంధ్రం గుండా వచ్చే వెలుతురు, లెన్స్ ఎంత గొప్పదైనా సరే, ఒక చుక్కని 8, 9 మైక్రాన్ల వెడల్పు మచ్చగా పరిచేస్తాది, అది ఫిజిక్స్, ఎవరూ తప్పించలేరు. అంటే ఒక చుక్క ఏడు పిక్సెల్స్ వెడల్పులో పరుచుకుంటాది. అందుకే ఫుల్ జూమ్‌లో 20 మెగాపిక్సెల్‌లో తీసినా, మెనూలో తగ్గించి 10లో తీసినా, మనకి కనపడే వివరం ఒకటే. ఫైల్ సైజు మాత్రం తగ్గుతాది.

సార్‌కి, అంటే పాప నాయనకి, ఇది చెప్తే ఆయన మరి ఇరవై ఎందుకు పెట్టినారప్పా అన్నాడు. అమ్మడానికి సార్, అన్నా.

ప్రింట్ లెక్క కూడా అప్పుడే చెప్పినా. 4x6 ఇంచుల ప్రింట్‌కి 300 డీపీఐలో, అంటే ఇంచుకి 300 చుక్కల లెక్కన, కావాల్సింది 1200 బై 1800, అంటే 22 లక్షల పిక్సెల్స్ కూడా కాదు. గోడకి కట్టుకునే 8x12కి 86 లక్షలు. పది మెగాపిక్సెల్ పెట్టుకుంటే అదీ వస్తాది, ఇదీ వస్తాది.

ట్యూబ్‌లైట్ కింద

ఇదే అసలు పరీక్ష, ఎక్కువ ఫోటోలు ఇక్కడే కదా. మామూలు ఇంటి హాల్లో ఒక ట్యూబ్‌లైట్ వెలుతురికి, ఎఫ్/3.2 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ ఎంత స్పందించాల్నో చెప్పే సెట్టింగ్) 100లో షట్టర్ సెకనులో మూడో వంతు దాకా తెరుచుకోని ఉండాల. ఐఎస్ఓ 800కి పెంచితే 1/25 సెకను. కూర్చున్న మనిషి కదలకుండా ఉంటే 1/25 చాలు, మోచేతులు పొట్టకి ఆనించుకోని తీస్తే వచ్చేస్తాది. నవ్వతాండే పిల్లోడు అయితే రాడు, చేతులు మూడు కనపడతాయి. అదే జూమ్ చేసినామంటే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతాది, షట్టర్ 1/6కి పోతాది, ఇంక దేవుడే దిక్కు. కాబట్టి మొదటి రూల్, ఇంట్లో జూమ్ ముట్టుకోవద్దు, కాళ్ళతో ముందుకి పో.

స్టూడియో వెనక రూంలో ఒకే ట్యూబ్‌లైట్ వేసి పాపనే కూర్చోబెట్టి ఐఎస్ఓ మార్చుకుంటూ తీసినా. 100, 200 శుభ్రంగా ఉన్నాయి. 400లో జుట్టు కొంచెం మెత్తబడింది. 800లో గ్రెయిన్స్ వచ్చినాయి గానీ 4x6లో, ఫోన్ స్క్రీన్‌లో పనికొస్తాది. 1600 దాటితే ముఖం మైనపు బొమ్మ అయిపోతాది, మెనూలో 3200 దాకా ఉంది గానీ లేదనుకోవడమే మంచిది.

ఇక్కడ ఫోన్ గెలిచింది, మొహమాటం లేకుండా చెప్తా. మామూలు ఫోన్‌కి కూడా మెయిన్ లెన్స్ ఎఫ్/1.8 దగ్గర ఉంటాది, దీనికంటే మూడింతల వెలుతురు, పైగా ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి కలిపేస్తాది. ఆ కలిపే తెలివి 2014 కెమెరాకి లేదు.

కానీ ఫ్లాష్ వేసినాక ఆట మారిపోయింది. ఫోన్‌లో ఉండేది ఎల్ఈడీ దీపం, చిన్న టార్చ్. దీంట్లో ఉండేది జీనాన్ ఫ్లాష్, సెకనులో వెయ్యో వంతు లోపలే మొత్తం వెలుతురు కక్కేస్తాది, ఆ వంతులో ఎవురు గెంతినా, నీళ్ళు చల్లినా, బర్త్‌డే ఫోమ్ కొట్టినా గాల్లో ఆగిపోతాది. పాపకి కావాల్సిన ఆ డిజిక్యామ్ లుక్ అంటాండారే, ముఖం తెల్లగా మెరిసి వెనక నల్లగా ఉండేది, సగం ఈ ఫ్లాష్ పుణ్యమే. సీసీడీ కలర్స్ సీసీడీ కలర్స్ అని రీల్స్‌లో చెప్తాంటారు, నేను అంత నమ్మను. రంగు వచ్చేది సెన్సార్ మీద వేసిన కలర్ ఫిల్టర్ల వల్ల, లోపల జేపెగ్ తయారు చేసే పద్ధతి వల్ల. కింద ఉన్నది సీసీడీనా, ఇప్పటి ఫోన్లలో ఉండే సీమాస్ రకం సెన్సారా అనేది దాంట్లో చిన్న సంగతి. సీసీడీకి కచ్చితంగా ఉన్న గుర్తు ఇంకోటి ఉంది, అది మంచిది కాదు. వీడియో తీస్తాంటే ఫ్రేమ్‌లో బల్బో సూర్యుడో పడితే పైనుంచి కింద దాకా ఊదా రంగు గీత నిలబడతాది. ఫోటోలో రాదు, వీడియోలో వస్తాది.

ఫ్లాష్ రేంజ్ మూడు మీటర్లు అనుకోండి. స్టేజి మీద డాన్స్ చేసే వాళ్ళకి ఆఖరి వరసలో నుంచి ఫ్లాష్ కొట్టే వాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తాది, వాళ్ళ ఫ్లాష్ ముందు కుర్చీలో కూర్చున్నాయన బట్టతల దాకానే పోతాది. ఇంకోటి, ఊర్లో జాతర్లలో, కల్లంలో దుమ్ము లేచినప్పుడు ఫ్లాష్ వేస్తే ఫోటో నిండా తెల్ల తెల్లటి గుండ్రాలు వస్తాయి. ఒకాయన అవి దేవుడి వెలుగులని ఫ్రేమ్ కట్టించుకోని పోయినాడు నా దగ్గర. లెన్స్ పక్కనే ఫ్లాష్ ఉంటాది కాబట్టి దగ్గరలో తేలే దుమ్ము మెరిసి ఫోకస్ లేక గుండ్రంగా పడతాది, అంతే విషయం.

మధ్యాన్నం ఎండలో చేను

దీనికి పాప వాళ్ళ ఊరికే పోయినా, శింగనమల పక్క, నాకూ ఆ దోవలో పని ఉండింది. మన ఎండ సంగతి తెలిసిందే, వాన తక్కువ, మబ్బు తక్కువ, పన్నెండు గంటలకి నేల తెల్లగా కాలతాంటాది, తలపాగా కింద ముఖం నల్లగా ఉంటాది. ఈ తేడా చిన్న సెన్సార్‌కి మోయలేని బరువు. కెమెరాని ఆటో మోడ్‌లో పెట్టి అవ్వని తీస్తే ముఖం బాగానే వచ్చింది గానీ ఆమె తెల్ల చీర కొంగు కాలిపోయి గీతలు, మడతలు ఏమీ లేకుండా కాగితం మాదిరి అయిపోయింది. ఆకాశం కూడా తెల్లగానే.

దీనికి మందు మెనూలోనే ఉంది. కొన్ని సెట్టింగులు మనమే మార్చుకోనిచ్చే ప్రోగ్రాం ఆటో మోడ్‌లో పెట్టి, ఫోటో ఎంత వెలుగ్గా రావాల్నో చెప్పే ఈవీని మైనస్ 0.7కి దించినా. కొంగులో మడతలు వచ్చినాయి, ఆకాశంలో నీలం వచ్చింది, ముఖం కొంచెం నల్లబడింది. ఆ ముఖానికి ఫ్లాష్ బలవంతంగా ఆన్ చేసి రెండు మీటర్ల దగ్గర నుంచి తీసినా. పట్టపగలు ఫ్లాష్ ఏంది నాయనా అని అవ్వ నవ్వింది, ఆ నవ్వు కూడా పడింది, కళ్ళ కింద నీడ పోయింది. పాపకి ఆ రోజు నేర్పింది ఇది ఒకటే, ఎండలో ఈవీ కిందికి, మనిషి ఉంటే ఫ్లాష్ ఆన్. చీకట్లో నల్లగా వచ్చిన ఫోటోని తర్వాత ఫోన్‌లో కొంచెం లేపొచ్చు, తెల్లగా కాలిపోయింది ఏం చేసినా రాదు.

ఎండలో జూమ్‌కి మాత్రం అడ్డమే లేదు. ఎఫ్/6.4 దగ్గర, ఐఎస్ఓ 100లో, నిండు ఎండకి షట్టర్ 1/600 చుట్టుపక్కల వస్తాది, చెయ్యి వణికినా తెలియదు, షేక్ ఆపే ఏర్పాటు లేకపోయినా నష్టం లేదు. అవ్వని నాలుగైదు మీటర్ల వెనక్కి పోయి ఫుల్ జూమ్‌లో తీస్తే ముఖం ముఖం లాగా వచ్చింది. ఫోన్‌తో మూతి దగ్గర పెట్టి తీస్తే ముక్కు పెద్దగా చెవులు చిన్నగా వస్తాయి కదా, అది దూరం తేడా. ఈ ఒక్క విషయంలో 5 ఎక్స్ ఆప్టికల్ జూమ్ బడ్జెట్ ఫోన్ కంటే ఖచ్చితంగా మెరుగు, ఫోన్ జూమ్ చాలా వాటిల్లో కత్తిరించి సాగదీయడమే. ఇదే మాట కెమెరాలో డిజిటల్ జూమ్‌కీ వర్తిస్తాది, అది మెనూలోకి పోయి ఆఫ్ చేసి ఇచ్చినా.

నీడలో వేరే కథ. చెట్టు కింద ఫుల్ జూమ్ చేస్తే షట్టర్ 1/60కో ఇంకా కిందికో పోతాది, చెయ్యి వణుకు తెలియకూడదంటే 130 మి.మీ.కి కనీసం 1/130 ఉండాల. సగం ఫోటోలు ఊగినట్టు వచ్చినాయి. కాలేజీ చెట్టు కింద ఫ్రెండ్స్ ఫోటోలకి సగం జూమ్ దాటొద్దని చెప్పినా, తప్పదంటే ఐఎస్ఓ 400.

లేపాక్షి పైకప్పు

పాప వాళ్ళు ఫ్యామిలీ అంతా ఆదివారం లేపాక్షి పోతాంటే కెమెరా ఇచ్చి, పోయేముందు ఒక పని చెప్పినా. వీరభద్రస్వామి గుడి మంటపంలో పైకప్పు మీద విజయనగర కాలం రంగుల బొమ్మలు ఉన్నాయి కదా, 16వ శతాబ్దానివి, వాటి మీద ఫ్లాష్ వెయ్యకూడదు, లోపల చూస్తే చీకటి. చేత్తో పట్టుకోని తల వెనక్కి వాల్చి తీస్తే ఈ కెమెరాతో వచ్చేది మసకే. అందుకని చేతిగుడ్డ మడిచి నేల మీద పరిచి, కెమెరాని వెల్లకిలా, లెన్స్ పైకి చూసేటట్టు పడుకోబెట్టి, ఫ్లాష్ ఆఫ్ చేసి, ఐఎస్ఓ 100, సెల్ఫ్ టైమర్ పది సెకన్లు పెట్టి పక్కకి జరిగిపో అన్నా. షట్టర్ అర సెకను తెరుచుకోని ఉన్నా కదిలే వాళ్ళు ఎవరూ లేరు, బొమ్మలు కదలవు.

తెచ్చిన ఫోటోలు చూస్తే చీర అంచుల డిజైన్లు, మొలనూలు, అన్నీ తెలుస్తాండాయి. ఈ బండ కెమెరాతో తీసినారంటే నమ్మరు. ఫోన్ కూడా ఇట్లా పడుకోబెట్టొచ్చు గానీ ఏమి తీస్తాండామో స్క్రీన్ కింద పడి కనపడదు అంటారు, కెమెరాకి కూడా స్క్రీన్ కిందనే ఉంటాది, అది నిజమే. తేడా ఏమంటే గుళ్ళో నేల మీద రెండు వేల కెమెరా పెట్టడానికి భయం ఉండదు, ఇరవై వేల ఫోన్ పెట్టడానికి ఉంటాది.

బయట ఆ ఏకశిల నంది దగ్గర తీసినవి మామూలుగా బాగున్నాయి. ఎండలో గ్రానైట్ రాయిని ఏ కెమెరా అయినా బాగానే తీస్తాది.

ధర్మవరం చీర ఒకటి కట్టుకోని వాళ్ళమ్మ దిగిన ఫోటో ఉంది, కుంకుమ ఎరుపు, జరీ అంచు. ఆ ఎరుపు ముద్ద అయిపోయింది, నేత కనపడలే. ఎర్ర ఛానెల్ నిండి పొంగిపోతే ఇట్లా అవుతాది, చిన్న సెన్సార్లకి ఎరుపు ఎప్పుడూ కష్టమే. దీనికీ ఈవీ దించడమే, మైనస్ 1 దాకా.

కొత్త కొడాక్ సంగతి

ఎఫ్‌జెడ్55 మీద పాపకి మనసు ఉండె. కొడాక్ అని పేరుంది గానీ చేసేది జేకే ఇమేజింగ్ అని వేరే కంపెనీ, పేరు లైసెన్స్ తీసుకోని అమ్ముతారు, ఇది చెప్తే సార్ కొంచెం ఆశ్చర్యపోయినాడు. అది 16 మెగాపిక్సెల్ సీమాస్, జూమ్ ఇదే 5 ఎక్స్, 28 నుంచి 140. వీడియో 1080పీ, ఇక్కడ అది గెలుస్తాది, 720పీ ఇప్పుడు టీవీలో చూస్తే తేలిపోతాది. కానీ లెన్స్ వైడ్‌లో ఎఫ్/3.9 నుంచి మొదలు. 3.2కి, 3.9కి తేడా ఎంతలే అనుకుంటారు, లెక్క వేస్తే పాతదానికి ఒకటిన్నర రెట్లు వెలుతురు ఎక్కువ. ఆ ఒకటిన్నర రెట్లు అక్కరకొచ్చేది ఎక్కడంటే ఈ పాప ఎక్కువ ఫోటోలు తీసే ట్యూబ్‌లైట్ హాల్లోనే. షేక్ ఆపే ఆప్టికల్ ఏర్పాటు దాంట్లోనూ లేదు. పది వేల పైమాట పెట్టి వెలుతురు తగ్గించుకోవడం నాకు అర్థం కాలే. వారంటీ వస్తాది, కొత్త బ్యాటరీ వస్తాది, నిజమే. వీడియోలే ముఖ్యం అనే పాప అయింటే నేనే కొనమని చెప్పేవాణ్ణి.

నేను రాసిచ్చింది

పాతదే వాడుకోండి, కొత్తది వద్దు, ఫోన్ పారేసే పనేమీ లేదు. రాత్రి ఫ్లాష్ లేకుండా తియ్యాలంటే ఫోన్, ఫ్లాష్‌తో అల్లరి ఫోటోలకి, ఎండలో దూరం నుంచి మనుషుల్ని తియ్యడానికి, ఊర్లో మట్టి చేతులతో పట్టుకోవడానికి కెమెరా. ఇట్లా పంచుకుంటే రెండూ మిగులుతాయి.

కొత్త బ్యాటరీ ఒకటి, 16 జీబీ కార్డు ఒకటి, టైప్-సీ కార్డ్ రీడర్ ఒకటి, మూడూ కలిపి రెండు వేల లోపే అయింది. బ్యాటరీ విషయంలో డబ్బులు మిగిలిద్దామని సార్ ముందుగానే ఆన్‌లైన్లో ఎవరిదో పేరు లేని డూప్లికేట్ తెప్పించినాడు, మీద రాసిన ఎంఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ) అసలు బ్యాటరీకి రెండింతలు ఉంది, అదే సైజులో అంత పట్టదు కాబట్టి అది అబద్ధమని చూస్తేనే తెలుస్తాది. వెనక్కి పంపించేసినాం. కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జ్‌కి 200 ఫోటోలు, ఫ్లాష్ ఎక్కువ వాడితే తగ్గుతాది. కార్డులు కూడా దొంగవి వస్తాండాయి, 64 అని రాసి లోపల 8 ఉంటాది, నిండినంక పాత ఫోటోల మీదనే రాసేస్తాది, అందుకని కొత్త కార్డు తెచ్చినంక ఒకసారి కంప్యూటర్లో పూర్తిగా నింపి చదివించి చూసే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో చెక్ చేసినంకనే ఇస్తా.

సెట్టింగులు కెమెరాలోనే పెట్టి ఇచ్చినా. ప్రోగ్రాం ఆటో, 10 మెగాపిక్సెల్, డిజిటల్ జూమ్ ఆఫ్, డేట్ సరైనది. ఫోటో మీద డేట్ ప్రింట్ అయ్యేది పాప అడిగి ఆన్ చేయించుకుంది, ఆ ఆరెంజ్ అంకెలు స్టైల్ అంట. ఒకసారి పడితే ఫోటో మీద నుంచి పోదు అని చెప్పినా, నాకు అదే కావాల అన్నా, అనింది. సరే ఆమె ఇష్టం. షట్టర్ సగం నొక్కి, పచ్చ గుర్తు వచ్చినంక ఆగి, సమయం చూసి పూర్తిగా నొక్కడం మాత్రం అక్కడే కూర్చోబెట్టి అలవాటు చేసినా. ఇట్లాంటి పాత చిన్న కెమెరాలు స్లో అని తిట్టే వాళ్ళలో సగం మంది ఒక్కసారిగా గుద్దే వాళ్ళే, ఫోకస్ వెతుక్కునే టైమ్ అంతా ఆ గుద్దిన తర్వాత పోతాది.

కార్డులో ఫోటోలు ఫ్రెండ్స్‌కి పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమన్నా, మామూలుగా పంపితే అది నలిపేసి పంపుతాది, ఇంత కష్టపడి తీసింది ఫోన్ ఫోటో కంటే అధ్వాన్నంగా కనపడతాది.

దసరా అయినంక పాప కార్డు తెచ్చి ప్రింట్లు వేయించుకుంది. ఎంచుకున్నవాటిల్లో ఎక్కువ ఫ్లాష్ ఫోటోలే, మేడ మీద కజిన్స్ అందరూ, చేతుల్లో ఓలిగలు, వెనక చీకటి. ఒకటి అవ్వది, చేను గట్టు మీద, ఫుల్ జూమ్‌లో తీసింది, 8x12 వేసినా. దగ్గర నుంచి చూస్తే కొంచెం మెత్తగా ఉంది, గోడ మీద రెండడుగుల దూరం నుంచి ఏం తెలియదు. లైన్లు గీకినట్టు ఊగినవి కూడా చాలానే ఉన్నాయి కార్డులో, అన్నీ సాయంత్రం చెట్టు కింద జూమ్ చేసినవే, చెప్పింది మర్చిపోయింది.

క్రికెట్ ఒక్కటి తేలలే. బౌండరీ నుంచి పిచ్ మధ్య దాకా 130 మి.మీ. చాలదు, తమ్ముడు ఫ్రేమ్‌లో అగ్గిపుల్లంత ఉంటాడు. సార్ అయితే డబ్ల్యూ830 సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూద్దామా అన్నాడు, అది 8 ఎక్స్, 200 మి.మీ. దాకా పోతాది, షేక్ ఆపేది కూడా ఉంది, కానీ దాంట్లోనూ ఫుల్ జూమ్‌లో లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తక్కువే, బౌండరీకి 200 కూడా తక్కువే. దానికి పెట్టే డబ్బులు పిల్లోడి బ్యాట్‌కి పెట్టండి సార్ అన్నా. మరీ పట్టుబడితే మాత్రం దొరికిన పీస్‌ని కొనకముందు నా దగ్గరికి తెమ్మన్నా, పేపర్ గోడకి అంటించి ఒకసారి చూస్తా.